చెరువు ఎక్కడుండేదో ముందు కనుక్కోండి

పోయిన నెల ఈ పేజీలో "మీ కాలనీ కట్టకముందు అక్కడ ఏముండేది?" అని ఊరికే ఒక మాట అడిగితే ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు కుప్పలుగా వచ్చిపడ్డాయి. చాలావరకు హైదరాబాద్ పడమటి వైపు నుంచే. కొండాపూర్, నల్లగండ్ల, కోకాపేట, తెల్లాపూర్, ఇవన్నీ నా కళ్ల ముందే పెరిగిన ఊళ్లు కాబట్టి ఈసారి పేజీ మొత్తం వాటికే ఇచ్చేస్తున్నా. వియ్యపురాలి గొడవల గురించి అడిగినవాళ్లు ఇంకో నెల ఓపిక పట్టాలి.

ప్రశ్న: మేం రాజమండ్రి నుంచి 2019లో వచ్చి కొండాపూర్‌లో ఉంటున్నాం. మా వాచ్‌మన్ తాత "ఇక్కడ జొన్నచేలు ఉండె సార్, రాత్రి నక్కలు కూసేవి" అంటాడు. మా ఆవిడ నమ్మదు. పాతికేళ్లలో ఇంత మార్పు జరుగుతుందా? అంతా హైటెక్ సిటీ మహిమేనా?
(కొండాపూర్ పాఠకుడు)

జవాబు: తాత చెప్పింది నిజమే, మీ ఆవిడకి నా మాటగా చెప్పండి. 1997 మార్చిలో అనుకుంటా, సెంట్రల్ యూనివర్సిటీలో చదువుకుంటున్న మా బావమరిదికి నిమ్మకాయ పచ్చడి డబ్బా ఇచ్చొద్దామని చేతక్ మీద బయల్దేరితే కొత్తగూడ దాటాక టైరు పంక్చరైంది. స్టెప్నీలోనూ గాలి లేదు, అది నా నిర్లక్ష్యమే. ఎండలో బండి తోసుకుంటూ ఎంత దూరం నడిచినా పంక్చర్ షాపు లేదు, టీ కొట్టు లేదు, రోడ్డు పక్కన బండరాళ్లు, తుమ్మ చెట్లు, మధ్యమధ్య పడావు పడ్డ చెలకలు. చివరికి ఒక ద్రాక్షతోట కనిపించింది. మోటారు షెడ్డు దగ్గరున్న కాపలా మనిషి బిందెలోంచి నీళ్లు పోసి, కత్తెరతో ఒక గుత్తి కోసి చేతిలో పెట్టాడు. అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష, పొడుగ్గా, లేత పసుపులోకి తిరిగిన ఆకుపచ్చ, లోపల గింజలు. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల ఈ ద్రాక్షకి ఎంత పేరంటే, బయటి ఊళ్లనుంచి వచ్చినవాళ్లు బుట్టలు కట్టించుకుని పోయేవారు. తర్వాత బోర్లు ఎండాయి, కూలి పెరిగింది, అన్నిటికన్నా ముఖ్యంగా తోట మీద వచ్చే డబ్బు కన్నా తోట కింద ఉన్న నేల ధర ఎక్కువైపోయింది. ఆ తోట ఎక్కడుండేదో ఇప్పుడు చూపించమంటే నా వల్ల కాదు. ఆ వైపు ఎటు చూసినా ఫ్లైఓవరే.

ఇక హైటెక్ సిటీ మహిమేనా అంటే, సగం మాత్రమే. ఆ కథ అంతకు చాలా ముందే మొదలైంది. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ (మెట్ట పంటల పరిశోధన సంస్థ) వచ్చింది. 1969 తెలంగాణ ఉద్యమం, ఆ తర్వాత జై ఆంధ్ర ఉద్యమం జరిగాక ఆరు సూత్రాల పథకం కుదిరింది కదా, దాంట్లో భాగంగా 1974లో సెంట్రల్ యూనివర్సిటీ పెట్టారు, గచ్చిబౌలి దగ్గర దాదాపు 2,300 ఎకరాలిచ్చారు. అన్ని ఎకరాలు ఒకేచోట ఎలా దొరికాయంటారా? ఈ నేలలో చాలాభాగం కంచ. అంటే పశువులు మేసే రాతి బీడు. కాలువ నీళ్లు లేవు, పైన అరడుగు ఎర్రమట్టి, కింద నల్లరాయి. చెరువు కింద నాలుగు ఎకరాల వరి, చెలకల్లో జొన్న, కంది, ఆముదం, మిగతాదంతా బండలు. పట్టా భూమి అయితే ఒక్కో రైతుతో విడివిడిగా బేరమాడాలి, అదే సర్కారు కంచ అయితే హైదరాబాద్‌లో కూర్చుని ఫైలు మీద సంతకం పెడితే సరిపోతుంది. పడమర వైపు సిటీ పెరగడానికి చాలా కారణాలు చెప్తారు గానీ నన్నడిగితే ముందు ఇదే చెప్తాను. 2025లో 400 ఎకరాల కంచ గచ్చిబౌలి గురించి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన గొడవ టీవీలో చూసే ఉంటారు, ఆ పేరులో ఉన్న కంచ ఇదే.

ఆ తర్వాత అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ని వాజ్‌పేయి ప్రారంభించారు, అదే ఏడాది ట్రిపుల్ ఐటీ. 2001లో ఐఎస్‌బీ (బిజినెస్ స్కూల్), ఈ ప్రాంతానికి ప్రత్యేకంగా సైబరాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ. 2002లో నేషనల్ గేమ్స్ పేరుతో గచ్చిబౌలిలో స్టేడియాలు, వాటికి రోడ్లు. 2007లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీ జీహెచ్ఎంసీలో కలిసింది. 2008లో శంషాబాద్ ఎయిర్‌పోర్టు, దానితోపాటే గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు మొదటి ముక్క (మొత్తం 158 కిలోమీటర్లలో అదే ముందు తెరిచారు, ఎందుకో వేరే చెప్పాలా). అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి మెట్రో 2019 మార్చిలో, అంటే మీరు వచ్చిన ఏడాదే. ఆఖరి అంకంలో హాల్లోకి వచ్చి నాటకం అంతా ఇదేనా అని అడిగినట్టుంది మీ ప్రశ్న. తప్పేం లేదు, నేనూ మొదటి అంకం చూడలేదు.

ప్రశ్న: గచ్చిబౌలి అంటే అర్థం ఏమిటి?
(బెంగళూరు నుంచి ఒక తెలుగు విద్యార్థి)

జవాబు: బౌలి అంటే మెట్లబావి, గచ్చు అంటే సున్నం. గచ్చు చేసిన బావి ఉన్న ఊరు అని పెద్దవాళ్లు చెప్తారు. ఇప్పుడక్కడ నీళ్లు ట్యాంకర్లలో వస్తున్నాయి.

ప్రశ్న: మా ఫ్లాట్ కాగితాల్లో "రాయదుర్గ్ పన్‌మక్తా" అని ఉంది. పక్క బిల్డింగ్ వాళ్లది "రాయదుర్గ్ పైగా", ఇంకొకరిది "నవ్ ఖల్సా". ఊరు ఒకటే కదా? ఏదో తప్పు పడిందేమోనని టెన్షన్‌గా ఉంది.
(రాయదుర్గం పాఠకురాలు)

జవాబు: తప్పేం పడలేదమ్మా, నిజాం కాలం రెవెన్యూ పేర్లు అలాగే నిలిచిపోయాయి. ఖల్సా అంటే శిస్తు నేరుగా సర్కారుకి కట్టే భూమి. పైగా అంటే నిజాంకి సైన్యాన్ని పోషించి పెట్టే పెద్ద ఉమ్రావుల ఎస్టేటు. మక్తా అంటే శిస్తు ఇంత అని ఒక మొత్తానికి ఖరారు చేసి ఇచ్చిన భూమి. ఒకే ఊరు ముగ్గురి లెక్కల్లో మూడు గ్రామాలుగా ఉండేది. జాగీర్లు 1949లో రద్దయ్యాయి గానీ పహాణీలో (ఊరి భూమి రికార్డులో) పేర్లు పోలేదు. ఇవన్నీ ఇప్పుడెందుకంటారేమో, ఈ వైపు పెద్ద పెద్ద భూమి కేసులు చాలావాటికి మూలం ఆ రోజుల్లోనే ఉంది. మీరు ఫ్లాట్ కొన్నవాళ్లు కాబట్టి చూడాల్సింది ఒకటే, లింకు డాక్యుమెంట్లన్నిట్లో (మీకన్నా ముందు చేతులు మారిన దస్తావేజులు), ఈసీలో (ఆ ఆస్తి లావాదేవీల సర్టిఫికెట్) గ్రామం పేరు, సర్వే నెంబరు ఒకేలా ఉన్నాయా లేదా. ఒక దాంట్లో పైగా, ఇంకో దాంట్లో పన్‌మక్తా అని ఉంటే మాత్రం నాకు రాయకండి, లాయర్ దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: మాది కోకాపేట పక్క ఊరు. మా తాత తొంభైల్లో రెండెకరాలు అమ్మేసి మేనత్త పెళ్లి చేశాడు, మిగిలినదాంతో ట్రాక్టర్ కొన్నాడు. ఇప్పుడు ఎకరం వంద కోట్లని పేపర్లో వచ్చినప్పటి నుంచి మా నాయన అన్నం సహించక, పోయిన తాతని తిట్టుకుంటూ కూర్చుంటున్నాడు. మేనత్త మా ఇంటికి రావడమే మానేసింది. ఏం చెప్పాలి ఆయనకి?
(పేరు రాయొద్దన్నారు)

జవాబు: తమ్ముడూ, ఈ నెల వచ్చినవాటిలో నన్ను కూర్చోబెట్టిన ఉత్తరం నీది. ఇలాంటి ఇళ్లు ఔటర్ పొడవునా ఉన్నాయి. ముందు ఆ వంద కోట్ల సంగతి విడదీసి చూద్దాం, ఎందుకంటే మీ నాయన గుండెల మీద కూర్చున్నది ఆ అంకే.

2023 ఆగస్టు 3న కోకాపేట నియోపోలిస్ లేఅవుట్‌లో హెచ్ఎండీఏ (నగరాభివృద్ధి సంస్థ) వేలం వేసింది. ఎకరానికి 35 కోట్ల దగ్గర పాట మొదలైతే ఒక ప్లాటు 100.75 కోట్ల దాకా వెళ్లింది. మొత్తం 45.33 ఎకరాలకి 3,319.60 కోట్లు వచ్చాయి, అంటే సగటున ఎకరం 73 కోట్ల పైచిలుకు. ఆ వంద కోట్ల ప్లాటుని ఎకరానికి 4,840 గజాల చొప్పున లెక్కేస్తే గజం 2 లక్షల 8 వేలు. నిజమే, కళ్లు తిరుగుతాయి.

కానీ వేలంలో పోయింది చెలక కాదు. సర్కారు లేఅవుట్ వేసి, వెడల్పాటి రోడ్లు తీసి, డ్రైనేజీ, కరెంటు భూమిలోపల వేసి, టైటిల్ తనదేనని చెప్పి అమ్మిన స్థలం అది. పైగా హైదరాబాద్‌లో ఎఫ్ఎస్ఐకి పరిమితి లేదు, అంటే స్థలం ఇంత ఉంటే ఇన్ని అడుగులే కట్టాలన్న లెక్క లేదు, రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే జాగా, మిగతా అనుమతులు సరిపోతే యాభై అంతస్తులైనా లేపొచ్చు. బిల్డర్ కొన్నది నేల పైనున్న ఆకాశాన్ని. మీ తాత అమ్మిన రోజున ఆ రెండెకరాలకి ఎడ్లబండి దారైనా సరిగ్గా ఉండేదో లేదో మీ నాయననే అడుగు. అప్పటికి ఔటర్ అన్న మాటే లేదు. గండిపేట చెరువు దగ్గర్లో ఉన్న ఊళ్లకి ఇంకో చిక్కు, 1996లో 111 జీవో వచ్చింది, గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్లలో 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలు, కాలనీలు వద్దంది. ఆ గీతకి ఇటు పడ్డ రైతు, అటు పడ్డ రైతు బతుకులు ఎలా వేరయ్యాయో చూస్తే మీ నాయనకి తాత తెలివి గురించి ఇంకో లెక్క తోస్తుందేమో. గీత ఎక్కడ గీస్తారో ముందే తెలిసినవాళ్లు కొన్నారు. తెలియనివాళ్లు అమ్మారు. మీ తాతకి చెప్పే మనిషి లేడు, అంతే.

ఇవన్నీ చెప్పినా మీ నాయన వినకపోవచ్చు, ఆయనది లెక్క తెలియని బాధ కాదు కదా. ఒక పని చెయ్యి. వచ్చే పండక్కి నువ్వే వెళ్లి మేనత్తని తీసుకురా. ఫోన్ చేసి రమ్మనకు, వెళ్లి తీసుకురా. భూమి పోయిందన్న బాధ కన్నా, తన పెళ్లి వల్లే పోయిందన్న మాట ఈ వయసులో ఆమె పడాల్సి రావడం నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌కి ఆరేళ్లు. గట్టిగా వాన పడితే చాలు సెల్లార్‌లో మోకాలి లోతు నీళ్లు. మూడు మోటార్లు పెట్టాం. బిల్డర్‌ని అడిగితే "నాలా పూడిక తీయలేదండీ, అది మున్సిపాలిటీ తప్పు" అంటాడు. అసలు కారణం ఎలా తెలుసుకోవాలి?
(చందానగర్ వైపు నుంచి, అపార్ట్‌మెంట్ సెక్రటరీ)

జవాబు: ముందు ఒక చిన్న పని చేయండి, పైసా ఖర్చు లేదు. మీ చుట్టుపక్కల వీధుల్లో మైసమ్మ గుడి ఎక్కడుందో చూడండి. "కట్ట మైసమ్మ" అని పేరుండి, చుట్టూ కట్ట గానీ చెరువు గానీ కనిపించకపోతే మీకు సగం జవాబు దొరికినట్టే. ఆ తల్లిని చెరువు కట్ట మీదే పెడతారు. గుడిని కదిలించే ధైర్యం ఎవరికీ ఉండదు కాబట్టి చెరువు పోయినా గుడి నిలిచిపోతుంది. దానికి ఏ వైపు పల్లమో, మీ బిల్డింగ్ ఏ వైపు ఉందో చూసుకోండి. తర్వాత కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి పాత ఏళ్ల బొమ్మలు ఒక్కొక్కటిగా వెనక్కి జరపండి, 2000ల మొదట్లో మీ స్థలం ఆకుపచ్చగా ఉందో, నీలంగా ఉందో తెలుస్తుంది. గ్రామ నక్షాలో మీ సర్వే నెంబరు పక్కన కుంటో, వాగో గీసి ఉందేమో చూడండి. హెచ్ఎండీఏ వాళ్ల చెరువుల వెబ్‌సైట్‌లో ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దు) మ్యాపులు కూడా ఉన్నాయి.

ఈ వైపు చెరువులు విడివిడివి కావు. గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే అలుగు పోసి కింది చెరువులోకి, అది నిండితే దాని కిందికి. అలుగు నీళ్లు పోయే వాగు ఎండాకాలంలో మామూలు నేలలాగే ఉంటుంది, రెండు మూడేళ్లు వానలు సరిగ్గా లేకపోతే ప్లాట్లు కొట్టేవాడికి అది నిక్షేపంలాంటి జాగా. రూలు ప్రకారం 10 హెక్టార్లు దాటిన చెరువుకి ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్న కుంటలకి 9 మీటర్లు బఫర్ వదలాలి. 2024లో హైడ్రా (చెరువుల ఆక్రమణలు తీసేసే సర్కారు సంస్థ) వచ్చి కూల్చివేతలు మొదలుపెట్టాక ఈ ఎఫ్‌టీఎల్, బఫర్ అన్న మాటలు కూరగాయల బజారులో కూడా వినిపిస్తున్నాయి గానీ, రూలు కొత్తది కాదు, 2012 నుంచే ఉంది.

అందుకని మీ బిల్డర్ చెప్పిన నాలా మాట సగం నిజం కావచ్చు. నాలా పూడుకుపోయి ఉండొచ్చు. ఆ నాలా వెడల్పు పాత నక్షాలో ఎంత ఉంది, ఇప్పుడెంత మిగిలింది అన్నది ఆయన్ని అడగండి, మొహం చూడండి. మోటార్లు ఎన్ని పెట్టినా తోడిన నీళ్లు పోయే దారి లేకపోతే గేటు బయట రోడ్డు మీద తిరిగి మళ్లీ మీ ర్యాంపు దిగుతాయి. ప్రస్తుతానికి ర్యాంపు మొదట్లో అడుగు ఎత్తు హంప్ కట్టించండి, కరెంటు ప్యానెల్, జనరేటర్ సెల్లార్‌లో ఉంటే ఈ వానాకాలం లోపే పైకి మార్పించండి. ఈ రెండో పని వాయిదా వేయొద్దు, నీళ్లలో కరెంటుతో ఆటలొద్దు.

ప్రశ్న: మాదాపూర్‌లో ముందు అద్దాల మేడలు, వెనక ఆటో కూడా పట్టని సందులు. ప్లానింగ్ చేసినవాళ్లకి బుద్ధి లేదా?
(హాస్టల్‌లో ఉంటున్న పాఠకుడు)

జవాబు: ఆ సందులు ఏ ప్లానర్ కన్నా ముందే ఉన్నాయి బాబూ. అది పాత ఊరు. ఆబాదీ అంటారు, ఊరి ఇళ్ల జాగా, పొలాలకున్నట్టు ఒక్కో ఇంటికీ సర్వే నెంబర్లుండవు. మనిషి, బర్రె, ఎడ్లబండి తిరగడానికి సరిపడా దారి ఉంచుకున్నారు. చుట్టూ పొలాల్ని సర్కారు తీసుకుంది, కంపెనీలు కొన్నాయి. ఇళ్లు మాత్రం ఊరివాళ్లకే మిగిలాయి, వాటి మీదే అంతస్తులు లేపి హాస్టళ్లు పెట్టారు. భూమి పోయిన రైతుకి ఇప్పుడు నీ అద్దే పంట. ఆషాఢంలో బోనాల రోజు కాస్త తొందరగా లేచి సందులోకి రా, నీ హాస్టల్ ఓనరమ్మ నెత్తిన బోనం పెట్టుకుని పోచమ్మ గుడికి వెళ్తుంటుంది. ఆమె వెనకే నడిస్తే ఊరి బొడ్రాయి ఎక్కడుందో కూడా తెలుస్తుంది, నాకైతే అది ఒక మొబైల్ షాపు ముందు బైకుల మధ్య కనిపించింది.

ప్రశ్న: రీజనల్ రింగ్ రోడ్డు వస్తుందంటున్న వైపు రెండు గుంటల "ఫామ్ ప్లాట్" తక్కువకి ఇస్తామంటున్నారు. నాలా కన్వర్షన్ కూడా అయిందట. పదేళ్లలో ఇంకో గచ్చిబౌలి అవుతుందని ఏజెంట్ హామీ. కొనమంటారా?
(కూకట్‌పల్లి పాఠకుడు)

జవాబు: నన్నడిగితే వద్దు. రెండు గుంటలంటే 242 గజాలు. నాలా కన్వర్షన్ అంటే (ఇది వాన నీళ్ల నాలా కాదు) వ్యవసాయ భూమిని వేరే పనికి వాడుకోవచ్చని మాత్రమే, దాన్ని లేఅవుట్ పర్మిషన్ అనుకోవద్దు. లేఅవుట్‌కి హెచ్ఎండీఏ గానీ డీటీసీపీ (టౌన్ ప్లానింగ్ శాఖ) గానీ ఇచ్చిన ఎల్పీ (లేఅవుట్ పర్మిట్) నెంబరుండాలి, రోడ్లు, పార్కు జాగా లోకల్ బాడీకి గిఫ్ట్ డీడ్ చేసి ఉండాలి, 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్ అయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నెంబరుండాలి. ఈ మూడూ అడగండి. "వస్తున్నాయండీ, ప్రాసెస్‌లో ఉంది" అంటే లేచి వచ్చేయండి, వాళ్లిచ్చిన బిర్యానీ తిన్నా సరే.

నేనూ మా బావమరిదీ (పచ్చడి డబ్బా బావమరిదే) 2007లో ఔటర్ అవతల ఇలాగే కొన్నాం. కంపెనీ పేరెందుకు గానీ, బ్రోచర్‌లో స్విమ్మింగ్ పూల్ బొమ్మ కూడా ఉండేది. ఇప్పటికీ మా జాగాకి వెళ్లాలంటే వేరేవాళ్ల పత్తిచేలోంచి వెళ్లాలి. నాలుగు సరిహద్దు రాళ్లలో రెండు కనిపించవు. ఆ చేను రైతు మంచివాడు, వెళ్లిన ప్రతిసారీ "ఎప్పుడు కడుతున్నరు సార్" అని అడుగుతాడు. ఇంకో గచ్చిబౌలి కావాలంటే అక్కడ పడ్డట్టు వరసగా యూనివర్సిటీ, కంపెనీలు, ఎయిర్‌పోర్టు రోడ్డు పడాలి. ఏజెంట్ చేతిలో వాటిలో ఒక్కటీ లేదు.

ప్రశ్న: నేను చెప్తుంటే మా మనవరాలు రాస్తోంది. మాది తెల్లాపూర్. పొలం పోయాక కొడుకులు పద్నాలుగో అంతస్తులో ఫ్లాటు కొన్నారు. బాల్కనీలో చిక్కుడు పెడితే తీగ కిందికి వేలాడుతోందని అసోసియేషన్ వాళ్లు పీకించేశారు. మళ్లీ పెట్టాలని ఉంది. కాస్తుందా?
(తెల్లాపూర్ నుంచి ఒక పెద్దావిడ)

జవాబు: కాస్తుందమ్మా, తప్పకుండా కాస్తుంది. మీకు నేను చెప్పేదేముంది, పందిరి చిక్కుడు ఆషాఢం, శ్రావణంలో పెడితే పొద్దు తగ్గాక పూత పట్టి సంక్రాంతి దాకా కాస్తుందని మీకే బాగా తెలుసు. తేడా అల్లా పద్నాలుగో అంతస్తులో గాలి. గాలికి పూత రాలుతుంది, తొట్టి తొందరగా ఎండిపోతుంది. అడుగున్నర లోతుండే పెద్ద గ్రో బ్యాగ్ తీసుకుని, తీగని గ్రిల్ బయటికి పోనివ్వకుండా లోపలివైపు బట్టలారేసే తాడు మీదికి పాకించండి. కొస తుంచుతూ ఉంటే పక్క కొమ్మలు వేస్తుంది, కిందికి వేలాడదు, అసోసియేషన్ వాళ్లకి కనిపించదు కూడా. కంపోస్టు కొంటే కొనండి గానీ, పాత ఊళ్లో ఇంకా బర్రెలున్నవాళ్లు ఉంటే మనవరాలిని పంపించి ఒక బస్తా మాగిన ఎరువు తెప్పించుకోండి, లిఫ్టులో ఎవరైనా ముక్కు మూసుకుంటే మూసుకోనివ్వండి. మీ పొలం నాటి విత్తనం డబ్బాలో ఏమైనా మిగిలి ఉంటే ముందు నాలుగు గింజలు తడి గుడ్డలో కట్టి చూడండి, మొలకొస్తే అదే పెట్టండి. మొదటి కోతలో ఒక గిన్నె కూర ఆ ప్రెసిడెంట్ గారింటికి పంపించడం మర్చిపోకండి.